పలు గొంతులు, ఒకే చీకటి: అతిథి గాయనులతో గోథిక్ రాక్ ఆల్బమ్ చేయడం ఎలా

చీకటి, విషాదం నిండిన గోథిక్ రాక్ సంగీతం వాయించే ఒక బృందం తన ఆల్బమ్‌ను ఒకే గాయకుడి మంద్రస్వరం మీద నడపకుండా ముగ్గురు నలుగురు గాయనులను అతిథులుగా పిలవాలనుకుంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది ముందు పాటలన్నీ కట్టేస్తారు, వాద్యాలు రికార్డు చేస్తారు, అన్నీ అయ్యాక ఇక్కడో ఆడగొంతు ఉంటే బాగుంటుందని వెతకడం మొదలుపెడతారు. అలా వచ్చిన గొంతు పాటలో కలవదు. పైన అతికించినట్టే వినిపిస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో క్రమం తిరగబడి ఉంటుంది: ముందు గొంతు, ఆ తర్వాత పాట. ఎవరు పాడతారో తెలిశాకే శ్రుతి, వేగం, సాహిత్యం తేల్చుకోవాలి.

మీకు పాటలు కట్టడం, కంప్యూటర్‌లో రికార్డు చేయడం కొంతైనా తెలుసన్న నమ్మకంతో రాస్తున్నాను. పెద్ద స్టూడియో లేకపోయినా ఫరవాలేదు.

మొదటి అడుగు: దారి వేసినవారిని వినండి

దిస్ మోర్టల్ కాయిల్‌తో మొదలుపెట్టండి. అది స్థిరమైన బృందం కాదు. 4ఏడీ రికార్డు సంస్థను నడిపిన ఐవో వాట్స్-రసెల్ పాటకు తగిన గొంతును పిలిచి పాడిస్తూ 1984, 1986, 1991లలో మూడు ఆల్బమ్‌లు తెచ్చారు. కాక్టో ట్విన్స్ గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ ఆ పేరు కింద 1983లో పాడిన ‘సాంగ్ టు ద సైరెన్’ను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. గొంతు, ఒక గిటారు, వాటి చుట్టూ ప్రతిధ్వని. అంతకుమించి అక్కడ దాదాపు ఏమీ లేదు. గొప్ప గొంతు దొరికినప్పుడు వాద్యాలు ఎంతవరకు తప్పుకోవచ్చో ఈ ఒక్క పాట చెబుతుంది.

తర్వాత బ్రిటన్ బృందం ద సిస్టర్స్ ఆఫ్ మెర్సీ. దాని గాయకుడు ఆండ్రూ ఎల్డ్రిచ్ 1983లో పాడిన ‘టెంపుల్ ఆఫ్ లవ్’ను 1992లో ఓఫ్రా హాజాతో కలిసి తిరిగి రికార్డు చేశారు. ఆమె యెమెన్ యూదు కుటుంబంలో పుట్టిన ఇజ్రాయెల్ గాయని. గోథిక్ రాక్‌తో ఆమెకు అంతకుముందు ఏ సంబంధమూ లేదు. ఆ పాట బ్రిటన్ సింగిల్స్ పట్టికలో 3వ స్థానానికి చేరింది. రెండు రూపాలనూ వెంటవెంటనే వినండి. ఎల్డ్రిచ్ తన మంద్రస్థాయిని వదలలేదు, హాజా తన సంప్రదాయంలోని గమకాలను వదలలేదు. ఒకరినొకరు అనుకరించలేదు కనుకనే ఇద్దరి మధ్య దూరం పాటకు బలమైంది.

మూడోది కొంచెం పక్కదారి. బ్రిటన్ బృందం పారడైజ్ లాస్ట్ 1991లో తెచ్చిన ‘గోథిక్’ ఆల్బమ్ డూమ్, డెత్ మెటల్ అనే బరువైన మెటల్ శాఖల వైపుది. బృంద గాయకుడు నిక్ హోమ్స్ గర్జన పక్కన సారా మారియన్ అతిథిగా పాడారు. గర్జించే మగగొంతు, దాని ఎదుట తేలే ఆడగొంతు అనే ఈ జోడింపు తర్వాత ఒక మూసగా మారింది. నార్వే బృందం థియేటర్ ఆఫ్ ట్రాజెడీ 1995 నాటి తొలి ఆల్బమ్‌లో లివ్ క్రిస్టీన్‌తో దాన్ని ఎంతో అందంగా చేసింది. అయితే ఒకే ఆల్బమ్‌లో నలుగురు గాయనులతో ఇదే మూస నాలుగుసార్లు వాడితే, నలుగురూ ఒకరేనన్న భ్రమ కలుగుతుంది.

వీటన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. ఈ సంగీతంలో స్త్రీ గొంతు మొదట అలంకారంగా రాలేదు. సూక్సీ అండ్ ద బాన్షీస్ 1981 నాటి ‘జూజూ’లో సూక్సీ గొంతే దారి చూపుతుంది. హాంబర్గ్ బృందం ఎక్స్‌మాల్ డాయిచ్‌లాండ్ 1983లో తెచ్చిన ‘ఫెటిష్’లో అన్యా హూవె జర్మన్ మాటలను దెబ్బల్లా విసురుతారు. డెడ్ కెన్ డాన్స్‌లో లీసా జెరార్డ్ లోతైన కాంట్రాల్టో (అత్యంత మంద్రమైన ఆడగొంతు) ముందు ఏ మగగొంతూ పెద్దగా అనిపించదు. అతిథిని పిలిచేటప్పుడు ఈ ముగ్గురూ మీ మనసులో ఉంటే, వెనకాల నిలబడి ఆలాపన చేసి వెళ్లే పాత్ర ఎవరికీ ఇవ్వరు.

రెండో అడుగు: మారని అంశాలను ముందే తేల్చుకోండి

గాయనులు మారుతున్నకొద్దీ ఆల్బమ్ సంకలనంలా విడిపోయే ప్రమాదం పెరుగుతుంది. దాన్ని ఆపేది వాద్యవృందమే. అందుకే ఒక కాగితం మీద, ఏ పాటలోనూ మారకూడనివి నాలుగైదు రాసుకోండి. నేనైతే ఇలా రాసుకుంటాను.

బేస్ గిటారు: గోథిక్ రాక్‌లో స్వరాన్ని నడిపేది చాలాసార్లు ఇదే. గిటారు దాని పైన గీతలు గీస్తుంది. ఒకే బేస్, ఒకే పిక్, నాదాన్ని రెట్టింపుగా వినిపించే ఒకే కోరస్ ఎఫెక్ట్‌తో ఆల్బమ్ అంతా వాయిస్తే సగం ఐక్యత వచ్చినట్టే.

తాళం: డ్రమ్ మెషీనా, మనిషా? సిస్టర్స్ తమ డ్రమ్ మెషీన్‌కు డాక్టర్ అవలాంచ్ అని పేరు పెట్టి దాన్ని బృంద సభ్యుడిగానే చూశారు. బాన్షీస్‌లో బడ్జీ అనే డ్రమ్మర్ టామ్ డ్రమ్ముల మీద అల్లిన నడకలు ఆ బృందానికి గుర్తు. ఏదైనా సరే, ఒకటే ఎంచుకోండి. సగం పాటలకు యంత్రం, సగం పాటలకు మనిషి అంటే గాయనులు కూడా మారే ఆల్బమ్‌లో వినేవారికి పట్టు దొరకదు.

గిటారు నాదం: కోరస్, ఫ్లాంజర్ (నాదాన్ని సుడిలా తిప్పేది), డిలే (నాదాన్ని కాస్త ఆగి తిరిగి వినిపించేది). రోలాండ్ సంస్థ 1975లో తెచ్చిన జాజ్ కోరస్ ఆంప్లిఫయర్ ఈ తరహా శుభ్రమైన, చల్లటి నాదానికి మారుపేరైంది. అది లేకపోతే అలాంటి నాదమిచ్చే పెడలో సాఫ్ట్‌వేరో చాలు, కానీ అన్ని పాటల్లో అదే ఉండాలి.

ప్రతిధ్వని: అన్ని గొంతులూ ఒకే ఊహాత్మక ప్రదేశంలో నిలబడి పాడినట్టుండాలి. దీని గురించి మిక్సింగ్ దగ్గర వివరంగా చెబుతాను.

ఖాళీ: ఇది కూడా వాద్యమే. బౌహౌస్ బృందం 1979లో విడుదల చేసిన ‘బేలా లుగోసీస్ డెడ్’ తొమ్మిది నిమిషాలకు పైగా సాగుతుంది, దాదాపు మూడు నిమిషాల దాకా గొంతు వినిపించదు. జమైకా డబ్ సంగీతం నుంచి వచ్చిన ఆ ఖాళీ స్థలంలో గొంతు ప్రవేశించగానే ఒళ్లు జలదరిస్తుంది. అతిథి గాయనిని మొదటి సెకను నుంచే పాడించాలన్న నియమమేమీ లేదు.

మూడో అడుగు: ఎందరు, ఎలాంటివారు

తొమ్మిది, పది పాటల ఆల్బమ్‌కు ముగ్గురు లేదా నలుగురు అతిథులు చాలు. పాటకొకరు చొప్పున తొమ్మిది మందిని పిలవడం వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, ఏ గొంతూ శ్రోతకు పరిచయం కాకముందే వెళ్లిపోతుంది. ఒక్కొక్కరికి కనీసం రెండు పాటలు ఇవ్వండి. రెండోసారి వినిపించినప్పుడు శ్రోత ఆ గొంతును గుర్తుపడతాడు. ఆ గుర్తింపే ఆల్బమ్‌కు కథను తెస్తుంది.

ఎంపికలో అందంగా పాడతారా అన్నదాని కంటే ఒకరికొకరు ఎంత దూరంగా ఉన్నారన్నది ముఖ్యం. ఒకరు మంద్రస్థాయిలో నిలకడగా, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడేవారు. ఒకరు తారస్థాయిలో తేలికగా, ఊపిరి వినిపించేలా పాడేవారు. ఒకరు పంక్ నేపథ్యంతో గరుకుగా అరిచి పాడగలవారు. నాలుగోవారు ఈ సంగీతంతో సంబంధమే లేని సంప్రదాయం నుంచి రావచ్చు. ఓఫ్రా హాజా ఉదాహరణ చూశాం కదా.

వారి పాత రికార్డింగులు వినేటప్పుడు ఉచ్చస్థాయిలో ఎంత దూరం వెళ్లారో చూడకండి. నెమ్మదిగా, తక్కువ గొంతుతో పాడిన చోట ఏం జరుగుతోందో వినండి. గోథిక్ రాక్‌లో ఎక్కువ పాట అక్కడే నడుస్తుంది. బిగ్గరగా పాడితే తప్ప శ్రుతి నిలవని గొంతు ఈ పనికి ఇబ్బంది.

నాలుగో అడుగు: పిలవడం, ఒప్పందం రాసుకోవడం

మీరు పంపే మొదటి ఉత్తరం పొట్టిగా, స్పష్టంగా ఉండాలి. ఆల్బమ్ దేని గురించి, ఎన్ని పాటలు, మీ పాత పని ఎక్కడ వినవచ్చు, ఆమె గొంతే ఎందుకు కావాలి, ఎప్పటికి పూర్తి కావాలి, ఎంత ఇవ్వగలరు. ఆమె పాడిన ఏ పాటలో ఏ చోట మీకు నచ్చిందో పేర్కొనండి. ‘దేవకన్యలా పాడాలి’, ‘దెయ్యంలా వినిపించాలి’ వంటి మాటలు రాయకండి. అవి గాయనికి ఏ సమాచారమూ ఇవ్వవు, పైగా ఆమెను పాత్రకు కుదించేస్తాయి. ‘మొదటి చరణం ఊపిరి ఎక్కువగా, మాటలు తొందర లేకుండా, పల్లవిలో గొంతు గట్టిగా, కంపనం లేకుండా’ అన్నారనుకోండి, ఆమెకు పని మొదలుపెట్టడానికి ఏదో దొరుకుతుంది.

డబ్బు విషయం దాచకండి. పారితోషికం ఒకేసారి ఇస్తారా, రాబడిలో వాటా ఇస్తారా, రెండూనా? రికార్డింగ్‌కు ముందే కాగితం మీద పెట్టండి. ఇక్కడ రెండు వేర్వేరు హక్కులున్నాయని తెలుసుకోవాలి. ఒకటి రచన మీద: బాణీ, సాహిత్యం. మరొకటి గానం మీద, అంటే రికార్డయిన ఆ ప్రదర్శన మీద. ప్రదర్శకుల హక్కులకు 1961 నాటి రోమ్ ఒడంబడిక అంతర్జాతీయ పునాది వేసింది. గాయని మీ బాణీని ఉన్నదున్నట్టు పాడితే ఆమెది ప్రదర్శన. పల్లవి బాణీని తానే కట్టినా, చరణం తానే రాసినా ఆమె సహ రచయిత్రి. ఆ వాటా శాతాన్ని పాట పూర్తయిన వారంలోనే రాసుకోండి. ఏళ్లు గడిచాక ఎవరు ఏం కట్టారో ఎవరికీ ఒకేలా గుర్తుండదు.

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి ఇవి:

- పేరు ఎలా ముద్రించాలి, పాట శీర్షికలో అతిథిగా పేరు వస్తుందా
- వీడియోలో, ప్రచారంలో ఆమె ఫోటో, గొంతు వాడే అనుమతి
- రీమిక్సులకు విడిగా అడగాలా, అక్కర్లేదా
- వేదిక మీద ఆ భాగాన్ని మరొకరు పాడవచ్చా
- ఆమె గొంతు ఫైళ్లను కృత్రిమ స్వరాల తయారీకి వాడబోమన్న హామీ
- ఆల్బమ్ విడుదల కాకపోతే ఏమవుతుంది

న్యాయవాది సాయం దొరికితే తీసుకోండి. దొరకకపోయినా పై అంశాలతో ఇద్దరూ సంతకం చేసిన ఒక పేజీ, నోటిమాట కంటే ఎన్నో రెట్లు నయం.

ఐదో అడుగు: శ్రుతి

ఆల్బమ్ నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే.

గోథిక్ రాక్ బాణీలు చాలావరకు గిటారుకు అనువైన ఈ (E) మైనర్, ఏ (A) మైనర్‌లలో పుడతాయి, బారిటోన్ (మధ్యరకం మగ) గొంతుకు సరిపడేలా ఎదుగుతాయి. దాన్నే గాయనికి ఇచ్చి ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి పాడమంటే సరిపోతుందని అనుకోవడం మామూలే. లెక్క చూద్దాం. మీ బాణీ ఈ మైనర్‌లో ఉంది, బీ2 నుంచి డీ4 వరకు వ్యాపించింది అనుకుందాం (అక్షరం స్వరాన్ని, అంకె అది ఏ స్థాయిలో ఉందో చెబుతాయి). సరిగ్గా ఒక స్థాయి పైన అది బీ3 నుంచి డీ5 అవుతుంది. మధ్యరకం గొంతుకు, అంటే మెజ్జో సొప్రానోకు ఇది హాయిగా ఉంటుంది. కాంట్రాల్టోకు మాత్రం కాదు. ఆమె గొంతు సుమారుగా ఎఫ్3 నుంచి ఎఫ్5 దాకా పలికినా, ఆ చీకటి రంగు ఉండేది దిగువ సగంలో. పల్లవి అంతా సీ5, డీ5 దగ్గర తిరుగుతుంటే మీరు ఏ రంగు కోసం ఆమెను పిలిచారో అదే కనిపించదు. పాటను నాలుగు అర్ధస్వరాలు దించి సీ మైనర్‌కు తెస్తే బాణీ జీ3 నుంచి బీ ఫ్లాట్4 మధ్య పడుతుంది. గొంతు వెంటనే బరువెక్కుతుంది.

అదే పాటను తేలికపాటి సొప్రానో (పైస్థాయి ఆడగొంతు) పాడితే సమస్య ఎదురు దిశలో వస్తుంది. బీ3 దగ్గర ఆమె గొంతులో గాలి తప్ప నాదం మిగలదు. మూడు అర్ధస్వరాలు పైకి, జీ మైనర్‌కు మార్చండి. డీ4 నుంచి ఎఫ్5 వరకు ఆమె మెరుస్తుంది. అయితే మీ గాయకుడు ఆ పాటలో అదే బాణీని ఒక స్థాయి కింద పాడాలంటే ఎఫ్4 దాకా వెళ్లాలి. బారిటోన్‌కు అక్కడ గొంతు బిగుస్తుంది, ఆ మంద్రగాంభీర్యం పోతుంది. కాబట్టి యుగళగీతంలో ఇద్దరికీ ఒకే బాణీ ఇవ్వకండి. గాయకుడికి దిగువన రెండు మూడు స్వరాల మధ్యే తిరిగే వేరే వరుస కట్టండి. ఎల్డ్రిచ్, హాజా పాటలో వినిపించేది సరిగ్గా ఇదే.

గిటారు వాద్యకారుడు గొణుక్కుంటే అతనికి దారి ఉంది: మూడో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెడితే ఈ మైనర్ వేళ్ల అమరికతోనే జీ మైనర్, ఏ మైనర్ అమరికతో సీ మైనర్ పలుకుతాయి. తెరిచిన తీగల మోత పోదు.

ఆచరణలో చేయాల్సింది సులువు. రికార్డింగ్‌కు చాలాముందే గాయనికి ఒకే పాటను మూడు శ్రుతుల్లో, మామూలు పియానో లేదా గిటారు తోడుతో పంపండి. ఫోనులో పాడి పంపమనండి. మూడింటినీ పక్కపక్కన విని, అత్యంత సులభంగా పాడినదాన్ని కాక, ఆమె గొంతుకు వ్యక్తిత్వం వచ్చినదాన్ని ఎంచుకోండి. తుదిమాట ఆమెదే కావాలి.

ఆరో అడుగు: సాహిత్యంలో ఆమె ఎవరు

గోథిక్ పాటల్లో స్త్రీ తరచూ చనిపోయిన ప్రియురాలిగానో, కిటికీలో కనిపించే నీడగానో వస్తుంది. గాయకుడు ఆమె గురించి పాడతాడు, ఆమె మాటల్లేని ఆలాపనతో జవాబిస్తుంది. దయచేసి ఈ దారి వదిలేయండి. ఇంత శ్రమపడి పిలిచిన గాయనికి ‘నేను’ అనే మాట ఇవ్వండి. కథను ఆమె నడపనివ్వండి, గాయకుడిని ఆమె జ్ఞాపకంలో ఒక గొంతుగా పెట్టండి. ఆల్బమ్ మొత్తానికి ఒక కథ ఉంటే ప్రతి గాయనికీ ఒక పాత్ర కేటాయించడం మంచి ఉపాయమే, కానీ పాత్ర కోసం గొంతు వెతకడం కంటే గొంతు విన్నాక పాత్ర రాయడం మేలు. గరుకు గొంతున్న ఆమెకు శోకం రాసి, తేలిక గొంతున్న ఆమెకు కోపం రాసి చూడండి. అనుకున్నదానికి ఎదురుగా ఇచ్చినప్పుడే పాట కొత్తగా పలికిన సందర్భాలు ఎక్కువ.

అచ్చుల సంగతి కూడా చూసుకోవాలి. పొడవైన స్వరం మీద ‘ఆ’, ‘ఓ’ పడితే నోరు తెరుచుకుని గొంతు నిండుగా వస్తుంది. ‘ఈ’ మీద తారస్థాయిలో నాదం సన్నబడుతుంది. స, ష, చ అక్షరాలు వరుసగా పడిన పాదాలు పెద్ద ప్రతిధ్వనిలో బుసకొడతాయి. ఏ భాషలో రాసినా సాహిత్యాన్ని గాయనితో కలిసి గట్టిగా చదివి ఇలాంటి చోట్లు మార్చండి.

ఏడో అడుగు: గాయనికి పంపే సామగ్రి

దూరం నుంచి రికార్డు చేసే గాయని మీ మనసు చదవలేరు. ప్రతి పాటకూ ఒక సంచయం తయారుచేయండి. అందులో వాద్యాల మిక్స్, నమూనాగా పాడిన గొంతుతో ఒకటి, అది లేకుండా ఒకటి, క్లిక్ ట్రాక్ (తాళం చూపే టిక్కు శబ్దం) విడిగా, ఊపిరి తీసుకునే చోట్లు గుర్తించిన సాహిత్యం, పాట వేగం, శ్రుతి ఉండాలి. ఫైళ్లన్నీ పాట సున్నా క్షణం నుంచే మొదలవ్వాలి. ఆమె పంపేవీ అలాగే రావాలి. లేకపోతే మూడో చరణంలో పాడిన ఒక్క పాదం ఎక్కడ కూర్చోవాలో వెతకడానికే సాయంత్రం గడిచిపోతుంది.

తిరిగి పంపమనవలసిన రూపం: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో వేవ్ ఫైలు, ఏ ఎఫెక్టూ లేకుండా, గరిష్ఠ మట్టం సుమారు -10 డెసిబెల్స్ దగ్గర. ఎఫెక్టులతో తనకు నచ్చిన రూపం ఒకటి ఆమె దగ్గర ఉంటే అదీ అదనంగా అడగండి. ఆమె దేన్ని ఊహిస్తూ పాడారో అందులో తెలుస్తుంది.

నమూనా గొంతు గురించి ఒక మాట. బాణీ తెలియడానికి అది కావాలి, కానీ భావం లేకుండా చదునుగా పాడించండి. నమూనాలో భావం ఎక్కువైతే గాయని తెలియకుండానే దాన్ని అనుకరిస్తారు.

ఎనిమిదో అడుగు: రికార్డింగ్

మైకు ఖరీదు కంటే గది ముఖ్యం. గోడల నుంచి వచ్చే చిన్న గది మోత ఒకసారి గొంతులో కలిస్తే, తర్వాత మీరు వేసే పెద్ద మందిరపు ప్రతిధ్వని దాని మీద కూర్చోదు. మందపాటి పరదాలు, బట్టల అలమర ఉన్న గది ఖాళీ హాలు కంటే మెరుగు. నిశ్శబ్దంగా ఉండే గదిలో పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్ మైకు వాడండి. గది బాగోకపోతే, గొంతు గరుకుగా ఉంటే డైనమిక్ మైకు మేలు.

మైకుకు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్. దగ్గరికి జరిగేకొద్దీ గొంతులో దిగువ నాదం పెరుగుతుంది. మాట్లాడుతున్నట్టు పాడే చరణాల్లో దీన్ని కావాలనే వాడుకోవచ్చు, 8 సెంటీమీటర్ల దాకా రానివ్వండి. పల్లవిలో గట్టిగా పాడేటప్పుడు అడుగు వెనక్కి వేయమనండి. మైకును నోటికి సూటిగా కాక కొంచెం పక్కకు తిప్పి పెడితే స, ష శబ్దాల పదును తగ్గుతుంది.

హెడ్‌ఫోన్లలో గాయనికి కొంచెం ప్రతిధ్వని వినిపించండి. రికార్డయ్యేది మాత్రం ఏ ఎఫెక్టూ లేని గొంతే. బొత్తిగా ఎండిన గొంతును తానే వింటూ ఎవరూ ధైర్యంగా తగ్గించి పాడలేరు. అలాగని మరీ ఎక్కువ ప్రతిధ్వని ఇస్తే శ్రుతి జారుతున్నా వారికి తెలియదు. క్లిక్ శబ్దాన్ని నెమ్మదైన చోట్ల తగ్గించండి, హెడ్‌ఫోన్ల నుంచి బయటికి కారి మైకులో పడుతుంది.

పాటను మొదటి నుంచి చివరి వరకు మూడు నాలుగు సార్లు పాడించాకే ముక్కలు ముక్కలుగా పాడించడానికి దిగండి. మొదటి టేకులోనే పాట మొత్తానికీ సరిపడే భావం దొరకడం అరుదేమీ కాదు. శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను వీలైనంత తక్కువగా వాడమని నా గట్టి సలహా. స్వరం మీదికి కాస్త ఆలస్యంగా ఎక్కడం, చివర్లో కొద్దిగా కిందికి జారడం ఈ సంగీతంలో భావమే. గ్రాఫు మీద తప్పుగా కనిపించినంత మాత్రాన దాన్ని చెరిపేయకూడదు.

అసలు గొంతు పూర్తయ్యాక, గాయని అలసిపోకముందే ఇవి కూడా తీసుకోండి: పల్లవికి రెండో వరుసగా అదే బాణీ మళ్లీ పాడినది, చరణానికి గుసగుసగా చదివినది, పైన ఒక మూడో స్వరం దూరంలో శ్రావ్య వరుస, కింద ఒక నాలుగో స్వరం దూరంలో మరొకటి. నాలుగు, ఐదు స్వరాల దూరంలో సమాంతరంగా నడిచే వరుసలు పాత ప్రార్థనా గీతాల గంభీరతను తెస్తాయి. అన్నీ వాడాలని లేదు. కానీ మిక్సింగ్ నాడు కావాలనిపిస్తే ఆమెను మళ్లీ పిలవలేరు.

తొమ్మిదో అడుగు: మిక్సింగ్

వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు మైకుల మీద పాడిన నాలుగు గొంతులు ఇప్పుడు మీ ముందున్నాయి. పాటల వారీగా మిక్సింగ్ మొదలుపెట్టకండి. నాలుగు గొంతుల నుంచి ఒక్కో చరణం తీసి ఒకే చోట వరుసగా పెట్టి, ఎఫెక్టులు లేకుండా వాటి స్వభావాన్ని దగ్గరకు తీసుకురండి. 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నది తీసేయండి. మైకుకు మరీ దగ్గరగా పాడినవారి గొంతులో 200 నుంచి 300 హెర్ట్జ్ ప్రాంతం ఉబ్బి ఉంటుంది, కొంచెం తగ్గించండి. బుసకొట్టే శబ్దాలు సాధారణంగా 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి, వాటికి డీ-ఎస్సర్ వాడండి. గొంతుల తేడా పోగొట్టడం లక్ష్యం కాదు. మైకుల తేడా పోతే చాలు.

కంప్రెషన్‌ను ఒకే యంత్రంతో గట్టిగా కాక, రెండింటితో వరుసగా రెండు మూడు డెసిబెల్స్ చొప్పున చేయండి. గుసగుస దగ్గరగా వినిపిస్తుంది, అరుపు చెవిని పొడవదు.

ఇప్పుడు ప్రతిధ్వని. ఆల్బమ్ అంతటికీ ఒకే ప్రధాన రివర్బ్ ఎంచుకోండి: ప్లేట్ లేదా పెద్ద హాలు. ప్రతి గాయనినీ అదే రివర్బ్‌లోకి, వేర్వేరు మోతాదుల్లో పంపండి. నలుగురూ ఒకే చీకటి మందిరంలో, ఒకరు దగ్గరగా, ఒకరు దూరంగా నిలబడినట్టు ఉంటుంది. గొంతుకూ ప్రతిధ్వనికీ మధ్య 30 నుంచి 60 మిల్లీసెకన్ల వ్యవధి ఉంచితే మాట స్పష్టంగా ముందు నిలుస్తుంది, మందిరం దాని వెనుక తెరుచుకుంటుంది. రివర్బ్‌లోకి వెళ్లే దారిలో 300 హెర్ట్జ్ కింద, 6 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. ఈ సంగీతంలో ప్రతిధ్వని మెరవకూడదు, నల్లగా ఉండాలి. తోక పొడవు పాట వేగాన్ని బట్టి పెట్టుకోండి: వేగమైన పాటకు రెండు సెకన్ల లోపు, నెమ్మదైన పాటకు మూడు సెకన్లు దాటినా ఫరవాలేదు. ఒక పాదం తోక తర్వాతి పాదం మాటలను మింగకుండా ఉంటే చాలు.

డిలే సమయానికి లెక్క ఉంది: 60,000ను పాట వేగంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. నిమిషానికి 125 బీట్లయితే 480. అందులో ముప్పావు భాగం, 360 మిల్లీసెకన్ల డిలే గిటారుకు ఆ పరిచితమైన ఊగిసలాట ఇస్తుంది. గొంతుకు 480 వాడితే రెండూ ఒకదాని మీద ఒకటి పడవు. గొంతు పలుకుతున్నంతసేపూ డిలే తగ్గి, పాదం చివర మాత్రమే లేచేలా చేయండి.

యుగళగీతాల్లో గాయకుడి మంద్రస్వరం బేస్ గిటారుతో గుద్దుకుంటుంది, గాయని గొంతు గిటారు కోరస్‌తో పోటీపడుతుంది. గాయని పాడే చోట గిటారును పక్కలకు జరిపి, 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించండి. అన్నిటికంటే మంచి ఉపాయం మాత్రం ఆమె పాడుతున్నప్పుడు గిటారు తక్కువ స్వరాలు వాయించడం. అది మిక్సింగ్‌లో కాదు, పాట కట్టేటప్పుడే చేయాలి.

పదో అడుగు: పాటల వరుస

మొదటి పాటలో మీ బృందపు సొంత గొంతు, లేదా గొంతే లేని ఒక ప్రవేశిక. తొలి అతిథి రెండో పాటలో వస్తే తలుపు తెరుచుకున్నట్టుంటుంది. ఒకే గాయని పాడిన రెండు పాటలను పక్కపక్కన పెట్టకండి, మధ్యలో రెండు మూడు పాటల దూరం ఉండనివ్వండి. ఇద్దరు గాయనులు కలిసి పాడే పాట ఒక్కటే ఉండాలి, అదీ ఆల్బమ్ మూడింట రెండు వంతులు దాటాక. అప్పటికి రెండు గొంతులూ శ్రోతకు తెలుసు కనుక ఆ కలయికకు అర్థం ఉంటుంది. గొంతు నుంచి గొంతుకు మారే చోట చిన్న వాద్య ఖండికలు సాయపడతాయి. దిస్ మోర్టల్ కాయిల్ 1986 నాటి ‘ఫిలిగ్రీ అండ్ షాడో’లో పాటల మధ్య వాద్య ఖండికలు ఎన్ని ఉన్నాయో వినండి.

ఎల్పీ రికార్డు కూడా తేవాలనుకుంటే ఒక్కో వైపు 20 నిమిషాల దగ్గర ఆపండి. రికార్డు లోపలి గాడులకు చేరేకొద్దీ పై పౌనఃపున్యాలు చెదురుతాయి, స, ష శబ్దాలు గీరుకుంటాయి. కాబట్టి తారస్థాయిలో మెరిసే సొప్రానో పాటను ఏ వైపునా చివరన పెట్టకండి. కాంట్రాల్టో పాడిన నెమ్మది పాటకు ఆ చోటు సరిగ్గా సరిపోతుంది.

పదకొండో అడుగు: మాస్టరింగ్, పేర్లు, విడుదల

మాస్టరింగ్‌ను వీలైతే మిక్సింగ్ చేయనివారికి ఇవ్వండి. స్ట్రీమింగ్ సేవల్లో చాలావరకు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనపు కొలమానం) సమీపంలో పాటల బిగ్గరతనాన్ని సమం చేస్తాయి, అందుకని పాటను నలిపి బిగ్గరగా చేసినందువల్ల లాభం లేదు. గరిష్ఠ శిఖరం -1 డెసిబెల్ వద్ద ఆపమనండి. ఎల్పీకి బేస్ మధ్యలో ఉండేలా విడిగా మాస్టర్ కావాలి.

ప్రతి రికార్డింగ్‌కూ దాన్ని గుర్తించే, అక్షరాలు అంకెలు కలిపి 12 ఉండే ఐఎస్ఆర్‌సీ సంకేతం తీసుకోండి. గాయనుల పేర్లను డిజిటల్ వివరాల్లో అతిథి కళాకారులుగా నమోదు చేయించండి, వారి సొంత కళాకారిణి పేజీకి పాట చేరేలా చూడండి. ఇది చేయకపోతే ఆమె శ్రోతలకు మీ పాట కనిపించదు, ఆమె జాబితాలో మీ పని చేరదు. ముద్రిత కవరు మీద ఏ పాట ఎవరు పాడారో, బాణీలో ఎవరికి వాటా ఉందో పాట పేరు పక్కనే రాయండి. వెనుక పేజీలో చిన్న అక్షరాల్లో ధన్యవాదాల మధ్య దాచకండి. విడుదలకు ముందే ప్రతి గాయనికీ తుది మిక్స్ వినిపించి, పేరు అక్షరాలు సరిచూడమని అడగండి.

ఇక వేదిక. నలుగురు అతిథులను ప్రతి ప్రదర్శనకూ తీసుకెళ్లడం ఎవరికీ సాధ్యం కాదు. మూడు దారులున్నాయి: ఆ ఊళ్లో ఉన్న అతిథి పాటలను మాత్రమే ఆ రాత్రి వాయించడం, ఒక గాయనిని పర్యటనకంతా తీసుకుని అన్ని భాగాలూ ఆమె శ్రుతికి మార్చడం, లేదా రికార్డయిన గొంతును ట్రాక్ మీద వినిపించడం. మూడోది నేను ఎవరికీ చెప్పను. ఖాళీ మైకు నుంచి గొంతు వస్తుంటే ప్రేక్షకుల చూపు దాని మీదే నిలిచిపోతుంది. రెండో దారి ఎంచుకుంటే సాధన రెండు నెలల ముందే మొదలుపెట్టి, సీ మైనర్ పాటలను ఆమె కోసం ఎక్కడికి జరపాలో ఐదో అడుగులో చెప్పిన పద్ధతిలోనే మళ్లీ తేల్చుకోండి. ఆమెకు ఇచ్చే జాబితాలో ప్రతి పాట పక్కన కొత్త శ్రుతి, కేపో మెట్టు రాసి గిటారు వాద్యకారుడికీ ఒక ప్రతి ఇవ్వండి.